ఎవరి చుట్టు వాళ్ళే

నమోదు ఒకటి. పోటు మొదలైంది. ఎండ మండిపోతోంది.

నేనింకా పడవ దిగనే లేదు, మెడలో వేలాడుతున్న ఆసుపత్రి పెట్టె అప్పుడే అడిగింది: "రోగి పేరు చెప్పండి." వీరవేణి అన్నాను. "నమోదయింది" అంది. ఆ పేరు తప్ప ఆ అమ్మాయి గురించి నాకింకేమీ తెలియదు. పెట్టెకు మాత్రం ఆకలి తీరింది.

నా పేరు ఓబులేసు. మనసు వైద్యుణ్ణి. మాది ఆదోని. గోదావరి లంకలన్నిటినీ సముద్రం మింగేసి రెండు తరాలైంది కానీ, దాన్ని ఇంత దగ్గరగా చూడటం నాకిదే మొదలు. చూసిన వెంటనే పొద్దున తిన్న ఉగ్గాని మొత్తం దానికే సమర్పించుకున్నాను. పడవ నడిపే ఆయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

ఈ ఊరిని తూరుపు దండ అంటారు. తొమ్మిది తెప్పలు. ఒక్కో తెప్ప మీద ఒక ఇల్లు, రెండు మేకలు, మంచునీళ్ళు పట్టే వలలు, ఎండ పలకలు. తెప్పకూ తెప్పకూ మధ్య మోకు కట్టి అన్నిటినీ గుండ్రంగా కలుపుతారు. నడుమ మిగిలిన నీళ్ళలో నాచు పండిస్తారు. మోకు ఊడితే ఇల్లు కొట్టుకుపోతుంది. అందుకని ఇక్కడ మోకు విప్పడమంటే మా ఊళ్ళో పక్కవాడి ఇంటికి నిప్పు పెట్టడం లాంటిది.

వీరవేణి విప్పుతుంది. దండపెద్ద నూకరత్నం గారి కూతురే. ఇరవై దాటిన పిల్ల. పట్టపగలు, అందరూ పనుల్లో ఉండగా, వెళ్ళి ఏదో ఒక మోకు విప్పేసి వస్తుంది. కిందటి నెల రెండు పక్కలా విప్పేసరికి ఒక తెప్ప మేకలతో సహా కొట్టుకుపోతే నాలుగు పడవలేసుకుని వెళ్ళి లాక్కొచ్చారట. వాయుగుండాల కాలం వచ్చేలోగా నేను తేల్చి చెప్పాలి: ఆమెను కొండ ఆసుపత్రికి పంపాలా, వద్దా. నీళ్ళ మీద పుట్టినవాళ్ళను ఆ కొండ ఎక్కిస్తే ఏమవుతారని పడవాయన్ని అడిగాను. "తిరిగొచ్చినోళ్ళు ఉంటే కదండీ, అడగడానికి" అన్నాడు.

పడవ వెనక లాక్కొచ్చిన నా తెప్పను పదోదిగా, దండకు ఒక పక్కన ఒకే మోకుతో కలిపారు. అప్పుడొక వింత చూశాను. మోకు కట్టడం అయిపోయింది. గట్టిగానే ఉంది. అయినా ఇంటికొకరు చొప్పున వచ్చి, మోకును గుంజకు ఇంకో చుట్టు తిప్పి, తన సొంత రంగు తాడుతో బిగించి, నాకో దండం పెట్టి వెళ్ళారు. దీన్ని మనసు చుట్టు అంటారట. మోకు కట్టిన ప్రతిసారీ, పెళ్ళికీ చావుకీ కూడా, ఇంటికో చుట్టు వేయాలి. వేయకపోతే వాళ్ళు మనకు కానివాళ్ళని. ఇంత ఆప్యాయత నాకు మా బంధువుల ఇళ్ళలో కూడా దొరకలేదు. కడుపు మాత్రం ఇంకా ఎక్కువ తిప్పడం మొదలెట్టింది.

చివరికి నా మణికట్టుకో పూస కట్టారు. ఇక్కడ అందరికీ ఉంటుంది. మనిషి కుదురుగా ఉంటే పచ్చన, కలత పడితే పసుపు, మరీ ఎక్కువైతే ఎరుపు. నాది కట్టగానే ఎర్రబడింది. "గట్టు మనిషి కదా" అని అందరూ జాలిపడ్డారు.

నమోదు రెండు. ఆటు. గాలి లేదు.

రోగి పేరు అడిగింది. వీరవేణి.

ఆమె నాచు పీచుతో తాడు పేనుతూ కూర్చుంది. పూస ఎర్రగా ఉంది. అది ఎర్రగా ఉండటం చూడటానికి అటు నలుగురు, ఇటు నలుగురు ఏదో పనున్నట్టు తచ్చాడుతున్నారు. మాకు చదువులో మూడు ప్రశ్నలు నేర్పారు: ఎవరు, ఎందుకు, ఎప్పటి నుంచి. మొదటిది పెట్టెకు చెప్పేశాను కాబట్టి రెండోదానితో మొదలుపెట్టాను.

"ఎందుకు విప్పుతాండావమ్మా?"

"మీరెందుకు కక్కుతున్నారండి?" అంది, చేతిలో పని ఆపకుండా.

"కడుపులో తిప్పుతాది."

"నాకు సేతుల్లో తిప్పుద్దండి."

పొగరు కాదు. నిజమే చెప్పింది. మళ్ళీ అడిగాను. "ఎప్పుడు తిప్పుతాది? ఎవరన్నా తిట్టినప్పుడా?"

"తిడితే బాగానే ఉంటదండి. మరీ మంచిగా మాట్టాడుకుంటారు సూడండి, అప్పుడు. మీరు కూకోండంటే మీరు కూకోండని. గొంతులు సన్నగా అయిపోతాయి. గిన్నె పెట్టినా సప్పుడు రాదు. అప్పుడింక నా వల్ల కాదండి."

ఇందులో ఎందుకు అన్నదానికి జవాబు లేదు. పెట్టెలో పడే మాట ఒక్కటీ లేదు. కానీ పగలంతా అదే గుర్తొచ్చింది. నేను వచ్చాక ఇక్కడ ఎవరూ గొంతు పెంచి మాట్లాడటం వినలేదు.

నమోదు మూడు. పోటు. మబ్బు పట్టింది.

వీరవేణి.

నూకరత్నం గారు పీతల పులుసు పంపారు. వాసన పడక మేకలకు దణ్ణం పెట్టి వాటి పక్కన కూర్చుని ఉత్తన్నం తిన్నాను. తరవాత ఆమే వచ్చారు. పొడుగ్గా, నిటారుగా ఉంటారు. తొమ్మిది ఇళ్ళ భారం మెడ మీద ఉన్నట్టు తల అటూ ఇటూ తిప్పరు.

"రక్తంలో ఉందండి డాట్రుగారు. దాని మేనత్త పోలిక. మా ఆడబడుచు బంగారమ్మకీ ఇదే జబ్బు. ఇలాగే ఇప్పేసేది."

"ఆమె యాడుంది ఇప్పుడు?"

"కొండమీద." అని, కూతురున్న వైపు చేత్తో చూపించారు. "దీనికి పాలపళ్ళు ఊడే వయసులో తీసుకెళ్ళిపోయారండి."

"ఆమె పోయినాక విప్పేవాళ్ళు లేరు కదా. అంతా నెమ్మదిగా ఉండిందా?"

"కొన్నేళ్ళు సల్లగా ఉన్నామండి. తరవాతొచ్చిన వాయుగుండానికి మోకులే తెగిపోయాయి. కుళ్ళిన తాళ్ళు. ఒక తెప్ప పోయింది. మనుషులు దక్కారు, ఆ అమ్మవారి దయ. అప్పట్నించీ ఇంకా గట్టిగా కట్టుకుంటున్నామండి. ఇది పెద్దదై మళ్ళీ ఇప్పడం మొదలెట్టింది."

మామూలుగా అయితే ఇక్కడితో నా పని అయిపోయినట్టే. కారణం దొరికింది: వంశం. కానీ ఒక సంగతి గొంతులో ముల్లులా ఇరుక్కుంది. విప్పే మనిషి లేని రోజుల్లోనే మోకులు తెగాయి. ఆ మోకులు పేనింది ఈ ఇంటివాళ్ళే. భూలోకం గారు, అంటే నూకరత్నం గారి భర్త, పేనిన తాడు కుళ్ళడం నేను నమ్మను. ఆయన పేనిన తాడు మీద మొన్న నా పెట్టె, నా మూట, నేను, ముగ్గురం వేలాడాం.

నమోదు నాలుగు. ఆటు. చిరుగాలి.

పొద్దున విప్పింది.

నా తెప్పకూ పక్క తెప్పకూ మధ్య మోకు! నేను లోపల పడుకుని ఉన్నాను. నిన్నంతా ప్రాణం పోయింది. తెప్పలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ దడదడలాడుతుంటే పళ్ళు కూడా కదిలాయి. పొద్దున ఉన్నట్టుండి ఆ దడ ఆగిపోయింది. ఎవరో చేత్తో నిమిరినట్టు తెప్ప మెల్లగా ఒదిగి ఊగింది. ఆహా అనుకుని కళ్ళు మూసుకున్నాను. అప్పుడు కేకలు వినబడ్డాయి. లేచి చూస్తే దండకూ నాకూ మధ్య తాటిచెట్టంత నీళ్ళు.

తొమ్మిది ఇళ్ళవాళ్ళూ పరిగెత్తుకొచ్చారు. ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నట్టు ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. నీ మేకల కంపు అని ఒకరు, నీ పిల్లల గోల అని ఒకరు. అరుస్తూనే నీళ్ళలోకి దూకారు, తాళ్ళు విసిరారు, నన్ను మేకపిల్లను లాగినట్టు లాక్కొచ్చారు. అరిచినవాళ్ళే తరవాత ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులేసుకుని నవ్వుకున్నారు. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. నూకరత్నం గారి తెప్ప మీదే పెద్ద గిన్నెలో వండి అందరూ కలిసి తిన్నారు. నేను పీతల పులుసు రెండుసార్లు వేయించుకున్నాను.

అన్నం మీద చేయి ఆగిపోయింది. వచ్చినప్పటి నుంచి నాలుగు మెతుకులు నిలవని కడుపు ఇవాళ పులుసు అడుగుతోంది. చుట్టూ మణికట్లు చూశాను. అన్నీ పచ్చన. వీరవేణిది కూడా. నాది ఒక్కటే ఇంకా ఎర్రగా ఉంది కానీ, అంచుల్లో కాస్త పసుపు తిరిగింది.

తిన్నాక అందరూ లేచి మోకు మళ్ళీ కట్టారు. ఇంటికో మనసు చుట్టు వేశారు. పాపం, నా మీద జాలితో ఈసారి రెండేసి వేశారు.

సాయంత్రానికి దడదడ మళ్ళీ మొదలైంది.

నమోదు ఐదు. పోటు.

భూలోకం గారి తెప్ప మీద తాడు ముక్క ఒకటి గుండ్రంగా పరిచి కూర్చున్నాను. ఆయన ఎక్కువ మాట్లాడరు. నాకేమైనా పిచ్చి పట్టిందేమోనని పక్కనే కూర్చున్నారు.

"ఇక్కడ మోకు విప్పింది మీ అమ్మాయి" అని ఒకచోట గవ్వ పెట్టాను. "అందరూ భయపడి ఒకచోటికి వచ్చినారు. అరుచుకున్నారు, తిన్నారు, మనసులు తేలికయినాయి. మళ్ళీ కట్టినారు. ఇంటికో చుట్టు ఎక్కువ. మోకు కురచ అయ్యింది, తెప్పలు దగ్గరికి వచ్చి కొట్టుకుంటాండాయి. నిద్ర లేదు. చిరాకు. చిరాకు కనపడనీకూడదని మర్యాద. మీరు కూకోండి, కాదు మీరు కూకోండి. గొంతులు సన్నబడినాయి. మీ అమ్మాయి చేతుల్లో తిప్పింది. మళ్ళీ విప్పింది." గవ్వలన్నీ పెట్టేసరికి తాడు చుట్టూ నిండిపోయాయి.

ఆయన గవ్వల చుట్టూ వేలు తిప్పారు. "ఇది ఎక్కడ మొదలవుద్దండి?"

"యాడా మొదలు కాదు సామీ. మీరు యాడ వేలు పెడితే ఆడ మొదలైనట్టు కనపడుతుంది. మనమందరం ఆ పిల్ల చేతుల మీద వేలు పెట్టినాము."

"ఎక్కువైన సుట్లు తీసెయ్యొచ్చు కదా మరి?" అని ఆయనే అడిగి, ఆయనే నాలిక్కరుచుకున్నారు. తీయకూడదట. ఒకరు వేసిన మనసు చుట్టు ఇంకొకరు విప్పడమంటే, నువ్వు నాకక్కర్లేదని మొహం మీద చెప్పడం. అలా అన్నవాళ్ళు ఈ దండలో ఇంతవరకూ లేరు. వేయడం మాత్రమే ఉంది, తీయడం లేదు.

అప్పుడు నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఎవరినీ నొప్పించకుండా ఇక్కడ మోకు వదులు చేయగలిగింది ఒక్కరే. పిచ్చిదని పేరు పడ్డవాళ్ళు. బంగారమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ పని బంగారమ్మ చేసింది. ఆమెను పంపేశాక చేసేవాళ్ళు లేక మోకులు తెగాయి. ఆ ఖాళీలోకి ఈ పిల్ల వచ్చి నిలబడింది. రేపు ఈమెను పంపేస్తే ఇంకెవరో వస్తారు. లేదా వాయుగుండం వస్తుంది.

పెట్టె అడిగింది: "రోగి పేరు."

తూరుపు దండ అన్నాను.

"వ్యక్తి పేరు చెప్పండి" అంది.

దాన్ని సముద్రంలోకి విసిరేద్దామనిపించింది. జీతం గుర్తొచ్చి మానుకున్నాను.

నమోదు ఆరు. ఆటు. తూర్పున మబ్బులు.

గవ్వలు లెక్కేసినప్పుడు ఒకటి మరిచాను. నన్ను.

నేను వచ్చాకే ఈ దండలో పదో తెప్ప చేరింది. నా స్వాగతానికే తొమ్మిది చుట్లు పడ్డాయి. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి వీరవేణి ఎదురుగా కూర్చుంటే, అందరి కళ్ళూ నా వెనకాలే వచ్చి ఆమె చేతుల మీద వాలుతున్నాయి. గట్టు మీద నిలబడి చేపల్ని లెక్కపెడుతున్నాననుకున్నాను, వలలో నేనూ ఉన్నాను.

అందుకని ఒక పరీక్ష చేశాను. నిన్నా ఇవాళా ఆమె వైపు చూడలేదు. భూలోకం గారి దగ్గర తాడు పేనడం నేర్చుకుంటూ కూర్చున్నాను. నా పేనుడు చూసి ఊరంతా వినోదపడింది. మేక కూడా నా తాడు తినడానికి ఇష్టపడలేదు. జనం నన్ను చూడటంలో పడి ఆమెను మరిచిపోయారు.

ఇవాళ మధ్యాహ్నం వీరవేణే వచ్చి నా చేతిలోంచి పీచు లాక్కుంది.

"ఏటండిది? తాడా, జడా? ఇలాగైతే పుట్టేడు పీచు పాడవుద్ది" అని కసిరి, మొదటి నుంచి చూపించింది. ఆమె పూస పసుపులో ఉంది. నేను చూడనట్టే ఉన్నాను.

"నన్ను పంపేస్తారాండి?" అంది ఉన్నట్టుండి. చేతిలో పీచు పక్కన పెట్టేసింది. "గట్టు మీద నీళ్ళు అడుగున ఉండవంట కదండి. ఊగకుండా ఎలా పడుకుంటారండి?"

పంపనని చెప్పే అధికారం నాకుంది కానీ, పెట్టె ఒప్పుకునే కారణం లేదు. ఏదో ఒకటి చేస్తానమ్మా అన్నాను. ఆ మాట విని ఆమె పూస మళ్ళీ ఎర్రబడింది, అదీ న్యాయమే.

నమోదు ఏడు. పోటు పొంగుతోంది.

వాయుగుండం పట్టిందని కబురొచ్చింది. ఎల్లుండికి ఇక్కడికొస్తుంది. దండంతా మోకులు బిగించడంలో పడ్డారు. నేను పరుగున నూకరత్నం గారి దగ్గరికి వెళ్ళాను. పరుగంటే, రెండుసార్లు పడ్డాను.

"బిగించొద్దమ్మా. వదులు చేయండి. బిగువుగా ఉంటే పోయినసారి మాదిరే తెగుతాయి. ఎవరి చుట్టు వాళ్ళే విప్పితే ఎవరికీ అవమానం కాదు కదా?"

ఆమె మొదటిసారి తల తిప్పి నన్ను సూటిగా చూశారు. "ఇప్పమంటే ఏటండి అర్థం? ఇన్నాళ్ళూ మేం కట్టింది తప్పనే కదా?"

"తప్పు కాదమ్మా. ఎవరూ తప్పు చేయలేదు. అందరూ ప్రేమతోనే కట్టినారు. ఆ ప్రేమ ఒక పక్కకే పోతాంది, తిరిగి వచ్చే దారి లేదు. అంతే."

"మరి దాని సేతులు?"

"ఆ చేతులు మీ అందరి పనీ చేస్తాండాయి. మీరు చేయలేనిది."

ఆమె కూర్చుండిపోయారు. "అయితే బంగారమ్మ..." అన్నారు, ఆగిపోయారు. నిటారుగా ఉండే ఆ మనిషి భుజాలు కిందికి జారాయి. "నేనే సెప్పానండి ఆ రోజు. తీసుకెళ్ళిపొండని. నా కాళ్ళు పట్టుకుంది. పిల్లలున్న ఇళ్ళండి, నేనేం సేసేది" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. నాకూ కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ రోజు కొండమీంచి వచ్చిన వైద్యుడు కూడా నాలాగే ఒక పేరు అడిగి ఉంటాడు.

లేచేటప్పుడు మొహం తుడుచుకుని అన్నారు: "పొద్దున్నే నా సుట్టు నేనిప్పుతానండి. ఇంకెవర్నీ ఇప్పమని అడగను. ఇప్పితే ఇప్పుతారు."

నమోదు ఎనిమిది. గాలి లేచింది. నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి.

నూకరత్నం గారు ఎర్రతాడు మనిషి. పొద్దున అందరూ చూస్తుండగా మొదటి గుంజ దగ్గర కూర్చుని తన ఎర్రతాళ్ళు ఒక్కొక్కటే విప్పారు. రెండో గుంజకు వెళ్ళారు. మూడో గుంజకు వెళ్ళేసరికి పక్కింటి ముసలాయన దగ్గుతూ లేచి, "నాదీ ఒకటుండాలి ఇక్కడ, మీ మొగుడితో పోట్లాడిన ఏడాది కట్టింది" అన్నాడు. ఆయన పసుపుతాడు విప్పుతూ ఆ పోట్లాట కథ మొత్తం చెప్పాడు. భూలోకం గారు అది అబద్ధమన్నారు. నవ్వులు మొదలయ్యాయి.

తరవాత ఇంక ఆగలేదు. ఇది నీ పెళ్ళికి వేసింది, ఇది మీ నాన్న పోయినప్పుడు వేసింది అంటూ ఎవరి చుట్టు వాళ్ళు వెతుక్కుంటూ దండంతా తిరిగారు. గట్టిగా మాట్లాడుకున్నారు. ఒకరిద్దరు పోట్లాడుకున్నారు కూడా. మోకు ఒక్కో చుట్టూ వదులైన కొద్దీ తెప్పలు కొంచెం కొంచెం జరిగి, దేని అల మీద అది ఊగడం మొదలుపెట్టాయి.

వీరవేణి చేతులు చంకల్లో దాచుకుని ఒక మూల నిలబడింది. ఆమె చుట్టు ఒక్క గుంజకూ లేదు. విప్పే పిల్ల కదా, కట్టనిచ్చినవాళ్ళు లేరు. అన్ని మోకులూ అయ్యాక నూకరత్నం గారు ఒక మోకు కొస పట్టుకెళ్ళి కూతురి చేతిలో పెట్టారు.

"వదులు ఎంతుంచాలో నువ్వు సెప్పు. సెప్పి నువ్వే కట్టు."

ఆ పిల్ల తల్లి మొహంలోకి చూసింది. మోకు చేతిలో తూచి, రెండు మూరలు వదిలి, కట్టింది. నేను అంత అందమైన ముడి ఎప్పుడూ చూడలేదు. నడుముకు చుట్టుకున్న సొంత తాడు తీసి, తెల్లది, ఎన్నాళ్ళుగా దాచుకుందో, పైన ఒక్క చుట్టు వేసింది. పక్కింటామె బోరుమంది. నేను సముద్రపు గాలికి కళ్ళు మండుతున్నాయని అటు తిరిగాను.

వాళ్ళ ఇంటి గుంజ దగ్గర మాత్రం, అన్ని రంగులూ పోయాక అడుగున ఒక వెలిసిన నీలం చుట్టు మిగిలిపోయింది.

"ఆ గుంజ నేనెప్పుడూ ముట్టుకోలేదండి. అత్తది ఉంది కదా అందులో" అంది వీరవేణి.

ఒకాయన కత్తి తీశాడు. నూకరత్నం గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఉండనీండి. ఎవరి సుట్టు వాళ్ళే."

నమోదు తొమ్మిది. తేరుకుంది. ఎండ.

వాయుగుండం వచ్చింది, పోయింది. ఆ రాత్రి గురించి రాయడానికి పెద్దగా లేదు. దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాను. మోకులు సాగాయి, మూలిగాయి, ఒక్కటీ తెగలేదు. దండ పాములా ఒంకర్లు తిరుగుతూ అలలెక్కి దిగింది. రెండు ఇంటికప్పులు, ఒక మేక పోయాయి. మనుషులందరూ ఉన్నారు. ఆ మేకకు వాళ్ళు ఇంకా ఏడుస్తున్నారు.

ఇవాళ అందరూ కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి పున్నమికి ఒక ఇంటివాళ్ళు దండంతా తిరిగి ఎవరి చుట్టు వాళ్ళ చేత విప్పించాలి. ఆ పూట అందరి భోజనం ఆ ఇంట్లోనే. అరవదలుచుకున్నవాళ్ళు ఆ రోజు అరవచ్చు. వంతులు చెప్పేటప్పుడు నూకరత్నం గారు కార్తీక పున్నమి ఖాళీగా వదిలేశారు. ఎవరికని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం పెట్టె గట్టిగా మోగింది. "గడువు ముగిసింది. రోగి పేరు నిర్ధారించండి. పేరున్న వ్యక్తి కొండ ఆసుపత్రికి తరలించబడతారు."

రోగి అంటూ ఎవరూ లేరన్నాను. "వ్యక్తి పేరు చెప్పండి." అందరూ అన్నాను. "ఒక్క పేరు చెప్పండి." వీరవేణి తాడు పేనడం ఆపేసింది. నూకరత్నం గారు కూతురి పక్కకు జరిగి ఆమె మోచేయి పట్టుకున్నారు. పేరు చెప్పకపోతే మొదటి రోజు చెప్పిన పేరే ఖాయమవుతుంది. ఆ సంగతి నాకు తెలుసు.

నా మణికట్టు చూసుకున్నాను. గాలివానలో తడిసి వచ్చిన నా పూస, దండ మొత్తంలో ఇంకా ఎర్రగా ఉన్నది అదొక్కటే.

"ఓబులేసు" అన్నాను.

పెట్టె కాసేపు ఆలోచించింది. "పూస సమాచారంతో సరిపోయింది. వచ్చిన రోజు నుంచి ఎరుపు. దండలో అత్యధికం. నమోదయింది. పడవ వస్తుంది."

అబద్ధం కాదు. తెప్పలు కుదిపినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఒక్క పేరే కావాలన్నప్పుడు, గట్టు మీద పుట్టినవాణ్ణి గట్టుకు పంపితే పెద్దగా నష్టం లేదు. నయమయ్యేదాకా నేను ఎవరికీ వైద్యం చేయకూడదట. అది మాత్రం గుచ్చుకుంది.

పడవ వచ్చేలోగా ఇంటికొకరు వచ్చి, అతిథినని నా గుంజకు తలా ఒకటి ఉంచేసిన చుట్లు విప్పారు. ఎవరి చుట్టు వాళ్ళు. విప్పి, ఆ తాడు ముక్క నా చేతిలో పెట్టి దండం పెట్టారు. వీరవేణి చివర వచ్చింది. తన తెల్లతాడులోంచి మూరెడు తెంపి ఇచ్చింది.

"పేనడం మర్చిపోకండి. అసలే మీది జడ" అంది. వంగి నా కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయింది.

నమోదు పది. కొండ ఆసుపత్రి. ఇక్కడ పోటూ ఆటూ లేవు.

గట్టు మీద కాలు పెట్టగానే నేల కదల్లేదు. గోడ పట్టుకుని కక్కుకున్నాను. ఆదోనివాణ్ణి, నేల ఒంటికి పడక కక్కుకున్నాను! నర్సు నా కాగితం చూసి, "ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అని అడిగింది. నన్ను నేను చూసుకున్నట్టుంది. ఇలా ఎవరెవరితో ఉన్నప్పుడు, దాని తరవాత ఏమవుతుంది అని అడుగమ్మా అన్నాను. రాసుకుంది, ఏం రాసుకుందో తెలియదు.

గదులన్నీ ఒంటరి గదులు. మధ్యాహ్నం నడవాలో నడవనిస్తారు. చివరి కిటికీ దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. తల ముగ్గుబుట్టయింది. ఆ నడవాలో కిటికీ తెరల తాళ్ళన్నీ విప్పి ఉన్నాయి. కుర్చీలో కూర్చున్నా మనిషి కొంచెం కొంచెం ఊగుతోంది.

ఎదురుగా కూర్చోలేదు. పక్కన కూర్చున్నాను. జేబులోంచి తాడు ముక్కలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎరుపు, పసుపు, తెలుపు. ఆమె చూసింది. ఎర్రముక్కను వేళ్ళతో తడిమి అడిగింది.

"తూరుపు దండ నుంచాండి?"

"అవునమ్మా."

"ఇప్పుడు ఎవరిప్పుతున్నారండి?"

"అందరూ. వంతులు పెట్టుకున్నారు. ఎవరి చుట్టు వాళ్ళే విప్పుతాండారు."

ఆమె ఊగడం ఆగింది. నేను మిగతాది చెప్పాను. వాళ్ళింటి గుంజ అడుగున ఒక నీలం చుట్టు ఉందని. వెలిసిపోయిందని. వీరవేణి దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదని. కత్తి తీస్తే నూకరత్నం గారు చెయ్యి అడ్డం పెట్టారని.

"మా వదినా?"

"మీ వదినే. మిమ్మల్ని పంపమని పొద్దున్నే కొండకు కబురు కూడా పెట్టిందని నర్సు చెప్పింది. ఇన్నేళ్ళలో ఇక్కడి మనిషిని వెనక్కి అడిగినవాళ్ళు లేరంట. ఎట్ల పంపాలో తెలీక వీళ్ళు తికమక పడుతాండారు. అడిగితే పంపకుండా ఉండే రూలు మాత్రం లేదు."

ఆమె తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. ముడతలు పడ్డ వేళ్ళు, తాడు ఒరుసుకున్న పాత గీతలు ఇంకా ఉన్నాయి. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లెక్క సరిచూసుకునే మనిషిలా నావైపు తిరిగింది.

"అయితే నా వంతు ఎప్పుడండి?"

"కార్తీక పున్నమికి ఖాళీ పెట్టినారమ్మా."

ఆమె లేచి చెప్పుల కోసం వెతుక్కుంది.